నిలబడితేనే కొలత

బూటు గోడకి తగిలి వచ్చి నా కుట్టుపని బుట్టలో పడింది. కాజాలు తియ్యమని టైలరింగు షాపు వాళ్ళు ఇచ్చిన చొక్కాల మీద, సరిగ్గా మధ్యలో.

"ఇంక వేసుకోను. ఉత్త కాళ్ళతో పోతాను గానీ ఇవి మాత్రం వేసుకోను," అంది మా అమ్మాయి.

చొక్కాల సంగతి తరవాత. నేను కాలు చూశాను. ఎడమ కాలు, పుట్టుకతోనే కాస్త పొట్టిదైన ఆ కాలు. మడమ వెనక చర్మం లేచిపోయి, తెల్ల సాక్సు అక్కడే అంటుకుపోయింది. మెల్లగా లాగబోతే పళ్ళు బిగించింది.

"రక్తం విషమైతే?" అన్నాను.

"అవదమ్మా."

"అవదని నీకేం తెలుసు? పక్క వీధిలో బేకరీ ఆయనకి ఇలాగే చిన్న బొబ్బతో మొదలై..."

"ఆయనకి షుగరు. నాకు బూటు."

"నీకు షుగరు లేదని ఎవరు చూశారు?"

"అమ్మా, నర్సింగు చదివేది నేనా, నువ్వా?"

"చదవలేదు కాబట్టి నాకు భయం. చదివి కూడా నీకు లేదు చూడు, నాకు అది ఇంకా భయం."

గోరువెచ్చటి నీళ్ళు బకెట్లో పోసి కాలు అందులో పెట్టించాను. సాక్సు నానుతున్నంతసేపూ ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది. ఈ రోజు వార్డులో అసలు డ్యూటీకి ముందు అలవాటు చేసుకోవడానికి తిప్పారట. మందుల ట్రాలీ తోస్తూ తోస్తూ, చివరికి ఆ ట్రాలీ మీదే బరువంతా వేసి నిలబడిపోయిందట. పెద్ద సిస్టరు చూసింది. కేకలెయ్యలేదట. అదే నాకు నచ్చలేదు. కేకలేసేవాళ్ళు సాయంత్రానికి మర్చిపోతారు.

"ఏమంది?"

"ఎల్లుండి కాదు, ఆ పై సోమవారం నుంచి అసలు డ్యూటీ. ఆసరా లేకుండా పూట మొత్తం నిలబడగలిగితే వార్డు. లేకపోతే రికార్డు గది."

"రికార్డు గది అంటే కూర్చుని చేసే పనేగా. నీడపట్టున, ఎవరి చీదరింపూ లేకుండా..."

అమ్మాయి నా వంక చూసింది. ఆ చూపు వాళ్ళ నాన్నది.

"ఫైళ్ళు మొయ్యడానికా నేను ఇంత చదివింది? నొప్పితో అరిచే మనిషిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడం నాకు వచ్చు. అది అందరికీ రాదు. సిస్టరే అంది ఆ మాట. అని, నా కాళ్ళ వంక చూసింది."

నేను సాక్సు తీశాను. ఈసారి మూలిగింది.

"పైగా ఇది చూడు," అంటూ ఒంగి రెండో బూటు తీసి, బుట్టలో పడ్డదాని పక్కన పెట్టింది. "దీనికి తెల్ల దారం. దానికి పసుపు దారం. లేత పసుపు. వార్డులో మా క్లాసు పిల్లలంతా నవ్వారు. ఏ దారం చేతికొస్తే ఆ దారం పెట్టి కుట్టి పడేశాడు. పరాయివాళ్ళకైతే ఇలా కుడతాడా?"

వాళ్ళ నాన్న అలా కుట్టడు. నాకు తెలుసు. ఒక్క కుట్టు పక్కకి పోతే మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. ఆ పసుపు దారం మొన్న బూట్ల పెట్టె విప్పినప్పుడే నాకు గుచ్చుకుంది. పైకి అనలేదు. నా పని దారంతోనే కదా, నాకు కనబడకుండా ఎలా ఉంటుంది?

"తెల్లది అయిపోయిందేమో," అన్నాను.

"వెనకేసుకురాకు."

"నేనెక్కడ వెనకేసుకొచ్చాను? ఆయన్ని వెనకేసుకొచ్చే ఓపికే ఉంటే ఇక్కడెందుకుంటాను?"

నీళ్ళు చల్లారిపోయాయి.

తమ్ముడు డ్యూటీ దిగి, భుజాన టికెట్ల సంచీతోనే వచ్చాడు. వాడు సిటీ బస్సు కండక్టరు. ఆయనకీ మాకూ మధ్య తిరిగే బస్సు కూడా వాడొక్కడే. ఏటేటా పిల్ల పాదం గీసిన కాగితం పట్టుకెళ్ళి వాళ్ళ బావకి ఇస్తాడు. కొన్నాళ్ళకి బూట్ల పెట్టె తెచ్చి మా గుమ్మంలో పెడతాడు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మిగిలింది అంతే. ఒక కాగితం వెళ్ళడం, ఒక జత రావడం.

"ఏంటి కోడలా, ఒక్క కాలికే స్నానం?" అన్నాడు.

"మామయ్యా, ఈ బూట్లు తీసుకెళ్ళి ఆయనకే ఇచ్చెయ్. ఇంకో జత కుట్టమను. మనసు పెట్టి కుట్టమను."

తమ్ముడు నవ్వలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. సంచీ దింపలేదు. వాడు సంచీ దింపకుండా నిలబడ్డాడంటే దింపుకోవలసిన మాట ఇంకేదో ఉందన్నమాట.

"ఏమైందిరా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదక్కా. పొద్దున బావ దగ్గరికి వెళ్ళాను. ఇంక కాగితాలు తేవొద్దన్నాడు."

"తేవొద్దంటే?"

"కాగితం మీద పాదానికి ఇక కుట్టడట. మనిషి రావాలట. వచ్చి నిలబడాలట."

ఒక్క క్షణంలో నాకు తట్టని ఆలోచన లేదు. వేరే పెళ్ళి చేసుకుంటున్నాడు. కొట్టు ఎత్తేసి ఎక్కడికో పోతున్నాడు. పెద్దదైంది కదా అని ఇప్పుడు పిల్లని తన దగ్గరికి లాక్కోవాలని చూస్తున్నాడు. మూడూ ఒకేసారి నిజమని కూడా అనిపించింది.

"ఇన్నేళ్ళూ కుట్టలేదా కాగితం చూసి?" అంది అమ్మాయి. "ఇప్పుడొచ్చిందా పొగరు?"

"పొగరు పెరిగిన మాట నిజమే. ఈమధ్య నేను గుమ్మంలో నిలబడ్డా, పలికిందాకా తలెత్తడు. 'ఎవరది' అంటాడు. ఎవరంటే ఏం చెప్తాం? 'చెకింగ్ అండీ, టికెట్ చూపించండి' అన్నాను."

"నవ్వాడా?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"నవ్వాడు."

అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను బకెట్ తీసుకుని లేచాను.

"ఇంకో మాట కూడా అన్నాడు," అన్నాడు తమ్ముడు, ఈసారి మెల్లగా. "కూర్చున్న పాదం వేరు, నిలబడ్డ పాదం వేరట. మనిషి బరువు మీద పడితేనే పాదం పరుచుకుంటుందట. మనం పంపిన కాగితాలన్నీ కూర్చుని గీయించుకున్నవేనట."

బకెట్ అక్కడే పెట్టేశాను.

అది నిజం. చిన్నప్పుడు మొదటిసారి కాగితం పరిచి నిలబడమంటే, "ఆయన కోసం నేను లేచి నిలబడను," అంది. మంచం మీద కూర్చుని, ఏదో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, కాలు మాత్రం కిందికి వదిలింది. "కాలు కావాలిగా, తీసుకో," అంది. నేను నేల మీద కూర్చుని పెన్సిలుతో చుట్టూ గీశాను. ఏటా అంతే. కాలు ఇచ్చింది, లేచి నిలబడలేదు.

"ఆయనకెలా తెలుసు?" అంది అమ్మాయి.

"మొదట్నుంచీ తెలుసట. ఏటా కాస్త వదులు కలుపుకుని కుట్టేవాడట. ఇప్పుడింక ఊహించి కుట్టలేనన్నాడు."

"అయితే మానెయ్యమను. నేను వెళ్ళను."

"మరి సోమవారం?" అన్నాను.

"ఊళ్ళో ఇంకెవరూ లేరా కుట్టేవాళ్ళు?"

ఉన్నారు. ఇద్దరి దగ్గరికి వెళ్ళాం కూడా. ఒకాయన మామూలు బూటు కింద రబ్బరు ముక్క అంటించి ఇచ్చాడు, అది వీధి మలుపు తిరిగేలోగా ఊడిపోయింది. రెండో ఆయన పిల్లకి బదులు నాకు జాలి మాటలు చెప్పి పంపాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు కాబట్టి ఎవరం అనలేదు.

"ఆయన కాళ్ళ దగ్గరికి నేను పోవాలా?" అంది మళ్ళీ.

"కొలత తీసేటప్పుడు కాళ్ళ దగ్గర కూర్చునేది ఆయనే కదా కోడలా," అన్నాడు తమ్ముడు.

నాకు నవ్వు రాబోయింది. అమ్మాయి మొహం చూసి మింగేశాను.

"నీకు తమాషాగా ఉంది మామయ్యా. ఆ రోజు ఆయన నన్ను ఆస్పత్రి మంచం మీంచి ఎత్తుకుపోకపోతే నా కాలు ఇలా ఉండేది కాదు. అందరిలా రోడ్డు పక్కన చెప్పులు కొనుక్కునేదాన్ని. రంగు నచ్చలేదని బేరమాడేదాన్ని. ఆయన చేతి పని గొప్ప చూపించుకోవడానికి నేను కుంటుతున్నాను."

తమ్ముడు సంచీ సర్దుకున్నాడు. నా వంక చూశాడు.

ఆ పొద్దున నేను చూసింది ఖాళీ మంచం. ఆపరేషనుకి పిల్లకి బట్టలు మార్చారు, నేను సీసాలో నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళాను, తిరిగొచ్చేసరికి దుప్పటి మడత పడి ఉంది. ఆయన పిల్లని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి పరిగెత్తుకుంటూ పోతే, పిల్లని బల్ల మీద నిలబెట్టి కాలు కొలుస్తున్నాడు. "నా చేతులుండగా వాళ్ళెందుకు కొయ్యాలి?" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పిల్లని తీసుకుని తమ్ముడింటికి వచ్చేశాను. ఆపరేషను అంటే నాకు భయం. మళ్ళీ ఆ ఆస్పత్రి మెట్లెక్కలేకపోయాను. ఆపరేషను లేకపోతే ఏమవుతుందో అనీ భయం. రెండు భయాల్లో ఏది సరైనదో ఇన్నేళ్ళయినా తేలలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యాయి.

మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి అమ్మాయి మంచం అంచున కూర్చుని పాత నల్ల బూట్లు బిగించుకుంటోంది. మడమకి కట్టు తనే కట్టుకుంది, చక్కగా, నర్సులా.

"నువ్వు మెట్ల దాకా రా," అంది, తలెత్తకుండా. "లోపలికి మాత్రం రాకు."

"ఎందుకు?"

"మీరిద్దరూ ఒక గదిలో ఉంటే నా కాలు సంగతి ఎవరికీ గుర్తుండదు."

కాదనలేకపోయాను.

తాళాలు బాగుచేసే కొట్టు పైన ఆయన గది. చెక్క మెట్లు. కింద ఆకురాయి చప్పుడు, పైన తోలు వాసన, జిగురు వాసన. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే కొంగు వెతుక్కుంది. ఒకప్పుడు ఈ వాసన నా చీరల్లో, దిండ్లలో, పిల్ల జుట్టులో ఉండేది.

సగం మెట్ల మీద నేను కూర్చుండిపోయాను. అమ్మాయి ఒక్కతే ఎక్కింది. పొట్టి కాలు, పొడుగు కాలు, పొట్టి కాలు. తలుపు తీసే ఉన్నట్టుంది. అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"ఎవరది?" అన్నాడు ఆయన.

ఒక అడుగు లోపలికి పడింది.

"నేను."

కుర్చీ కాలు నేల మీద గీసుకున్న చప్పుడు.

"పిచ్చుకా?"

చిన్నప్పుడు గెంతుతూ నడిచేదని అలా పిలిచేవాడు.

"ఆ పేరు వద్దు. కొలత తీసుకోండి. వెళ్ళాలి."

అండీ పెట్టి మాట్లాడింది. సొంత తండ్రితో. నాకు సంతోషం కలగాలి నిజానికి. మెట్టు అంచు గట్టిగా పట్టుకున్నాను.

"బూట్లు విప్పి రా. కిటికీ దగ్గరికి," అన్నాడు. తరవాత, "మడమకి దెబ్బ తగిలిందా? అడుగు అటు వాలుతోంది."

"మీరు కుట్టినవే కొట్టుకున్నాయి."

వస్తువులు జరిపిన చప్పుడు. నేను మెడ సాచి విన్నాను. ఏ క్షణాన అరుచుకుంటారో, ఏ క్షణాన పిల్ల విసురుగా వచ్చి ఈ మెట్ల మీద జారుతుందో అని ఒక కాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

"ఇది ఎవరిది?" అంది అమ్మాయి గొంతు.

"ఏది?"

"గోడకి వేలాడుతోందే. ఈ చెక్క పాదం."

"నీదే. దాని మీదే నీ బూట్లు కుడతాను."

"ఇంత అతుకుల బొంతలా ఉందేమిటి?"

"లోపలి చెక్క నీ చిన్నప్పటిది. నువ్వు పెరిగినప్పుడల్లా పైన తోలు అంటించుకుంటూ వచ్చాను. ఏటా కాగితం రాగానే ఒక పొర."

"చిన్నపిల్ల పాదానికి తోలు అంటిస్తే పెద్ద పాదం అయిపోతుందా?"

"అవదు."

"తెలిసే కుట్టారా?"

"తెలిసే."

"మరి కొత్తది చెక్కుకోవచ్చుగా."

"చెక్కితే ఇది పక్కన పెట్టాలి," అన్నాడు.

కింద ఆకురాయి ఆగింది. తాళాలాయన దగ్గు, మళ్ళీ ఆకురాయి.

"నా కాలు ఇక్కడ నొప్పెడుతుంటే, మీరు అక్కడ చిన్నపిల్లని దాచుకుని కూర్చున్నారు," అంది అమ్మాయి. గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "సోమవారం నేను నిలబడలేకపోతే నా వార్డు పోతుంది. మీకది తెలుసా? ఆ రోజు ఆపరేషను చెయ్యనిస్తే మీ సొమ్మేం పోయేది?"

ఈసారి ఆయన వెంటనే పలికాడు.

"ఎముకకి మేకులు కొడతామన్నారు. మేకులు కొట్టే పని నాకు తెలుసు. మేకు దిగేటప్పుడు కింద ఉన్నదానికి ఏమవుతుందో కూడా తెలుసు. భయమేసింది."

"మీకా?"

"మీ అమ్మకి భయమేస్తే నోటితో భయపడుతుంది. నాకు చేతులతో. ఎత్తుకొచ్చేశాను."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. ఇన్నేళ్ళూ దాన్ని అహంకారం అనుకునే అన్నం తిన్నాను. మొగుడు భయపడ్డాడని ఎవరైనా ఒక్కరు చెప్పి ఉంటే. భయం సంగతి నాకు తెలియనిదా? ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం.

పైన నిశ్శబ్దం. మాట్లాడుకుంటున్నంతసేపూ పరవాలేదు. నిశ్శబ్దంలో ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? పడిపోయిందేమో. ఏడుస్తోందేమో. ఇచ్చిన మాట పక్కన పెట్టి, చెప్పులు విడిచి, మిగిలిన మెట్లు ఎక్కాను.

గుమ్మం ఎదురుగా ఆయన. మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, భుజాలు మాత్రం అవే. అమ్మాయి నిలువుటద్దం ముందు నిలబడి ఉంది. పొట్టి కాలి కింద పల్చటి చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి.

"చేతులు నడుం ఎముకల మీద పెట్టుకుని అద్దంలో చూడు," అంటున్నాడు. "రెండూ సమంగా ఉన్నాయా?"

"కుడిది ఇంకా కాస్త పైనుంది."

ఇంకో పలక తోశాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు సమం."

ఇదేం కొత్త పద్ధతి అనుకున్నాను. ఒకప్పుడైతే ఆ చివరి గోడకి వీపు ఆనించి, ఒక కన్ను మూసి, దూరం నుంచే చెప్పేసేవాడు. పిల్లని అడిగేవాడా?

అప్పుడు తలెత్తాడు. నేరుగా నా మొహంలోకి చూశాడు.

ఇంత కాలానికి ఎదురుపడితే ఎలా ఉంటుందో వందసార్లు అనుకున్నాను. మొహం తిప్పుకుంటాడు, లేదా మాట అంటాడు, లేదా నేనే అంటాను. ఆయన అవేమీ చెయ్యలేదు. గుమ్మం వంక చూసినట్టు చూసి, తల దించుకుని, పాదం కిందికి కాగితం జరిపాడు. నేను మనిషినే కానట్టు. ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను.

ఆయన చెయ్యి పెన్సిలు కోసం నేల మీద వెతుకుతోంది.

పెన్సిలు ఆయన మోకాలి ముందే ఉంది. ఎర్ర పెన్సిలు. పలక తోసినప్పుడు కాస్త పక్కకి దొర్లింది, అంతే. ఆయన వేళ్ళు అది ఇంతకు ముందున్న చోట తట్టాయి. మళ్ళీ అక్కడే తట్టాయి. తరవాత కొంచెం ఇవతల, కొంచెం అవతల. కళ్ళు మాత్రం సరిగ్గా పెన్సిలు మీదే ఉన్నాయి.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

అమ్మాయి కూడా అద్దంలోంచి చూసింది. తిరిగి ఆయన్ని చూసింది. తరవాత పనిబల్ల మీదికి చూసింది. తోలుకి చిల్లులు పొడిచే ఆరె, మైనం ముద్ద, పక్కపక్కనే రెండు దారపు ఉండలు. ఒకటి తెల్లది. ఒకటి లేత పసుపు.

నెమ్మదిగా చెయ్యి చాపి ఆయన మొహం ముందు అటూ ఇటూ కదిపింది. చప్పుడు లేకుండా, ఆస్పత్రిలో నేర్చుకున్నట్టు. ఆయన కనుపాపలు కదల్లేదు.

నాకు రాని భయమంటూ లేదనుకునేదాన్ని. ఇది ఒక్కటి ఏనాడూ తట్టలేదు.

అమ్మాయి ఒంగి, పెన్సిలు తీసి, ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇద్దరి వేళ్ళ మధ్యా పెన్సిలు.

"ఎప్పణ్ణుంచి?" అంది.

"ఏది?"

"నాన్నా. ఎప్పణ్ణుంచి?"

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో, తల ఇంకా దించుకున్నాడు.

"పక్కనున్నవి మసగ్గా తెలుస్తాయి," అన్నాడు చివరికి. "ఎదురుగా ఉన్నదే తెలియదు. చూసిన చోటల్లా మధ్యలో మరక పడ్డట్టు. పోయినసారి కాగితం మీద మీ అమ్మ గీత అస్సలు దొరకలేదు. చేత్తో తడిమాను. పెన్సిలు గీత చేతికేం తెలుస్తుంది? అందుకే రమ్మన్నాను. పాదమైతే తెలుస్తుంది."

"డాక్టరుకి చూపించావా?"

ఆయన కాగితం అంచు సరిచేశాడు.

"నిన్నే."

"ఆపరేషను అంటారు," అన్నాడు.

అమ్మాయి పెదవి కొరుక్కుంది. నవ్వో, ఇంకోటో, పెదవి దాటనివ్వలేదు. కాలు మాత్రం పలకల మీంచి తియ్యలేదు. ఆయన కోసం లేచి నిలబడనన్న పిల్ల, అలాగే నిటారుగా నిలబడి ఉంది. దాని నడుం అంత సమంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

"గీత నేను గీస్తాను," అంది. "పాదం నువ్వు పట్టుకో. సోమవారానికి కొత్త చెక్క చెక్కగలవా?"

"చెక్కుతాను. దానికి కళ్ళక్కర్లేదు. తోలు కూడా కోస్తాను. కుట్టు దగ్గరే వస్తుంది చిక్కు. ఎవరైనా పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించాలి, రంగు చెప్పాలి, కుట్టు పక్కకి పోతే పోయిందని చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?"

నా వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా నేను చేసే పని అదే.

"ఎవరో ఒకరు ఉంటారు," అంది అమ్మాయి.

"ఉంటే చూద్దాం. నువ్వు మాత్రం ఈ సంగతి మీ అమ్మకి చెప్పకు," అన్నాడు. "ముందే భయస్తురాలు. అన్నం మానేస్తుంది. నేను బాగానే ఉన్నానని చెప్పు. పొగరెక్కి రమ్మన్నానని చెప్పు."

అమ్మాయి ఆయన తల మీదుగా నా వంక చూసింది.

వెళ్ళిపో అంటోందో, రమ్మంటోందో తేల్చుకోలేకపోయాను. వెనక్కి ఒక్క అడుగు వేస్తే మెట్లు. చెప్పులు కూడా లేవు కాళ్ళకి, వచ్చినట్టే చప్పుడు లేకుండా దిగిపోవచ్చు. నేను వినలేదు, ఆయన చెప్పలేదు, వచ్చే ఏడాది మళ్ళీ ఒక కాగితం.

అడుగు వేశాను. ఏ వైపు వేశానో నాకు తెలియకముందే కాలి కింద చెక్క కిర్రుమంది.

ఆయన తల చటుక్కున లేచింది. ఆ కళ్ళు మళ్ళీ నేరుగా నా మొహం మీదికే వచ్చి ఆగాయి.

"ఎవరది?" అన్నాడు.

అమ్మాయి పెన్సిలు పట్టుకుని, నిటారుగా నిలబడి, నా జవాబు కోసం చూస్తోంది.